ఇంటి మతాబు నుంచి లైసెన్సు షెడ్డు దాకా

బాణసంచా తయారీని అభిరుచిగా మొదలుపెట్టాలంటే ఏం చేయాలి? దీపావళి దగ్గర పడేకొద్దీ ఈ ప్రశ్న ఎందరో యువకుల మనసులో మెదులుతుంది. "మా తాతగారు ఇంట్లోనే మతాబులు కట్టేవారు, మనమెందుకు కట్టకూడదు?" అని అడిగేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. నిప్పును రంగుగా, పువ్వుగా, నక్షత్రంగా మార్చే విద్య మీద ఆసక్తి కలగడం సహజం. అయితే ఆ ప్రశ్నకు జవాబు వంటకంలా పాళ్లు చెప్పి ముగించేది కాదు. ఈ పాఠంలో మందుపాళ్లు ఉండవు. వాటికంటే ముందు తెలుసుకోవలసిన చరిత్ర ఉంది. తాతగారి కాలంలో ఇంటి విద్యగా ఉన్నది ఈనాడు లైసెన్సు ఉన్న షెడ్డులో తప్ప చేయకూడని పనిగా ఎందుకు మారింది? ఎవరి పట్టుదల వల్ల మారింది? ఎన్ని ప్రాణాలు పోయాక మారింది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తే, మొదటి ప్రశ్నకు జవాబు మీకే దొరుకుతుంది.

రాజుల కొలువులో వెలుగు

బాణసంచాకు పుట్టినిల్లు చైనా. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన నల్లమందు అక్కడ 9వ శతాబ్దం నాటికే తెలుసు. 1044లో అక్కడ వెలువడిన ఒక యుద్ధతంత్ర గ్రంథంలో ఆ మందు పాళ్లు అక్షరాల్లోకి ఎక్కాయి.

ఈ విద్య మన దేశానికి ఎప్పుడు చేరింది? దీని మీద శ్రద్ధగా పరిశోధించిన పండితుడు పుణెకు చెందిన పి. కె. గోడే. 1400 నుంచి 1900 వరకు భారతదేశంలో బాణసంచా చరిత్రను వివరిస్తూ ఆయన రాసిన చిన్న గ్రంథం 1953లో వెలువడింది. దీపాలు పెట్టే ఆచారం మనకు చాలా ప్రాచీనమైనది. మందు నింపిన బాణసంచా మాత్రం దాదాపు ఆరు వందల ఏళ్లనాటిది. దీపావళి పాతది, టపాకాయ కొత్తది అని గుర్తు పెట్టుకోండి.

1443లో పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ విజయనగరానికి వచ్చాడు. అప్పుడు రాజ్యం చేస్తున్నవాడు రెండవ దేవరాయలు. మహానవమి ఉత్సవాల్లో తాను చూసిన రకరకాల బాణసంచాను గురించి, అవన్నీ వర్ణించాలంటే ఎంతో విస్తరించి రాయాల్సి వస్తుందని రజాక్ రాసుకున్నాడు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా మహానవమి రాత్రుల్లో ఆకాశానికి ఎగసిన జువ్వలను ప్రస్తావించాడు.

మనకు ఇంకా దగ్గరగా ఉన్న ఆధారం మరొకటి ఉంది. 1497 నుంచి ఒరిస్సాను ఏలిన ప్రతాపరుద్ర గజపతి పేరు మీద 'కౌతుకచింతామణి' అనే సంస్కృత గ్రంథం ఉంది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీడును గెలుచుకునేదాకా ఈ గజపతి అధికారం మన కోస్తా ప్రాంతం మీద కూడా సాగింది. బాణసంచా తయారు చేసే విధానాలు ఆ గ్రంథంలో ఉన్నాయని గోడే చూపించారు. వాటి పేర్లు వినండి: కల్పవృక్షబాణం, చామరబాణం, చంద్రజ్యోతి, పుష్పవర్తి, ఛుఛుందరీరసబాణం. ఛుఛుందరి అంటే చుంచెలుక. నేల మీద అడ్డదిడ్డంగా పరుగెత్తే మన సిసింద్రీని ఈ పేరు గుర్తుకు తెస్తుంది.

ఈ గ్రంథం మనకు ఒక ముఖ్యమైన విషయం చెబుతుంది. 'కౌతుకం' అంటే వేడుక, కుతూహలం. ఒక రాజుగారి పేరు మీద వెలసిన వేడుకల గ్రంథంలో మందు కూర్చే విధానం చోటు చేసుకుంది. అంటే అభిరుచిగా బాణసంచా చేయడం మన దగ్గర ఐదు వందల ఏళ్ల కిందటే ఉంది. దాని కోసం వాడిన దినుసులు మాత్రం నల్లమందుకు సంబంధించినవే. ఇనుప రజను కలిపితే బంగారు రంగు మెరుపులు వచ్చేవి. మనం ఇప్పుడు చూసే చిక్కటి ఎరుపు, చిక్కటి ఆకుపచ్చ అప్పటి ఆకాశంలో లేవు.

ఇంటి విద్యగా మారిన కాలం

సురేకారానికి మన దేశం పెట్టింది పేరు. బీహారు మట్టి నుంచి తీసిన సురేకారాన్ని ఈస్టిండియా కంపెనీ ఓడలకొద్దీ యూరపుకు తరలించింది. 18వ శతాబ్దంలో హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ ఇనుప గొట్టాల్లో మందు కూరి యుద్ధ జువ్వలు చేయించారు. 1780లో పొల్లిలూరు యుద్ధంలో వాటి దెబ్బ తిన్న ఇంగ్లీషువారు ఆ తర్వాత తమ దేశంలో కాంగ్రీవ్ చేత అలాంటివే తయారు చేయించుకున్నారు. యుద్ధానికి పనికివచ్చిన విద్యే పెళ్లి ఊరేగింపులకూ, జాతరలకూ, పండుగలకూ పనికివచ్చింది.

క్రమంగా ఇది రాజుల కొలువు దాటి ఇళ్లలోకి వచ్చింది. తెలుగు పల్లెల్లో దసరా వెళ్లగానే పాత నోటు పుస్తకాల కాగితాలతో మతాబు గుల్లలు చుట్టడం, బొగ్గు నూరడం, చిచ్చుబుడ్లకు మట్టి బుడ్లు తెచ్చుకోవడం, కూరినవాటిని డాబా మీద ఎండబెట్టడం ఇంటిల్లిపాదీ చేసే పని. సురేకారం, గంధకం పచారీ కొట్లలో దొరికేవి. ఏ కర్ర బొగ్గు మంచిదో, ఎంత మెత్తగా నూరాలో పెద్దలకు అలవాటు మీద తెలిసేది.

ఆ పాత మందు ప్రమాదం లేనిదని అనుకోకండి. గట్టి గొట్టంలో బిగిస్తే నల్లమందు కూడా పేలుతుంది. తాటాకు ఇళ్లు, వరిగడ్డి వాములు ఉన్న ఊళ్లో ఒక్క నిప్పురవ్వ చాలు. అయినా మతాబు మందుకు ఒక గుణం ఉండేది. దాన్ని అంటిస్తే తప్ప సాధారణంగా అది అంటుకోదు. పెద్దల జాగ్రత్త అంతా ఆ ఒక్క గుణం మీద ఆధారపడి ఉండేది. దీపం దూరంగా పెట్టు, చుట్ట ఆర్పెయ్యి, పొయ్యి దగ్గరికి తేకు. ఈ మూడు సూత్రాలతో చాలా కుటుంబాలు చాలా దీపావళులు గడిపాయి.

ఈ పాఠానికి కీలకమైన మాట ఇదే. తాతల నుంచి మనకు వచ్చింది వారి ధైర్యం మాత్రమే. వారి దినుసులు మనకు రాలేదు. మధ్యలో దినుసులు మారిపోయాయి.

రంగు తెచ్చిన ముప్పు

1780ల్లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బెర్తొలే పొటాషియం క్లోరేటు అనే లవణాన్ని తయారు చేశాడు. సురేకారం కంటే ఇది ప్రాణవాయువును ఎంతో సులభంగా వదిలిపెడుతుంది. అందువల్ల తుపాకిమందులో సురేకారానికి బదులు దీన్ని వాడితే ఎలా ఉంటుందని ఫ్రెంచి ప్రభుత్వం ఆలోచించింది. 1788 అక్టోబరు 27న పారిస్ దగ్గర ఎస్సోన్ అనే చోట ఉన్న మందు కర్మాగారంలో ప్రయోగం ఏర్పాటు చేశారు. బెర్తొలే వచ్చాడు. ఆధునిక రసాయన శాస్త్రానికి పితామహుడని పేరుపొందిన లవోయిజే తన భార్యతో కలిసి వచ్చాడు. అడ్డంగా చెక్క పలకలు కట్టించి, వాటి వెనక నిలబడాలని నిబంధన కూడా పెట్టుకున్నారు. మందు నూరడం సాగుతుండగా అందరూ ఫలహారానికి వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు కర్మాగారం అధికారి ఒకరు, అతిథిగా వచ్చిన ఒక యువతి మిగిలినవారికంటే కొంచెం ముందుగా అక్కడికి చేరుకున్నారు. మందు పేలింది. ఆ ఇద్దరూ చనిపోయారు. నాలుగడుగులు వెనక ఉన్నందువల్ల బెర్తొలే, లవోయిజే బతికారు.

ఆ రోజు అక్కడ ఉన్నవారికంటే రసాయన శాస్త్రం బాగా తెలిసినవారు ఆనాడు ప్రపంచంలో చాలా కొద్దిమంది. అజాగ్రత్త అనడానికి కూడా వీల్లేదు, అడ్డుపలకలు కట్టుకున్నారు. వారిని కాపాడింది తెలివి కాదు, దూరం.

క్లోరేటు తుపాకిమందుగా పనికిరాలేదు. కానీ 19వ శతాబ్దంలో బాణసంచాలోకి వచ్చింది. దాని వేడిలో లోహ లవణాలు అద్భుతమైన రంగులు ఇస్తాయి. స్ట్రాన్షియం ఎరుపు, బేరియం ఆకుపచ్చ, రాగి నీలం. ఆకాశంలో మనం చూసే రంగుల కాలం అప్పుడే మొదలైంది. ముప్పు కూడా అప్పుడే మొదలైంది.

క్లోరేటూ గంధకమూ ఒకచోట చేరితే ఏమవుతుంది? గంధకం మీద గాలి, తేమ పనిచేసి కొద్దికొద్దిగా ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లపు జాడ తగిలితే చాలు, క్లోరేటు విడిపోవడం మొదలవుతుంది. వేడి పుడుతుంది. ఆ వేడి పెరిగి మందు తనంతట తాను అంటుకోవచ్చు. అది ఈ రోజే జరగాలని లేదు, పెట్టెలో పెట్టి మరచిపోయిన కొన్ని వారాలకు జరగవచ్చు. పైగా ఈ మిశ్రమానికి నిప్పు అక్కర్లేదు. నూరితే, రుద్దితే, కింద పడితే చాలు. తాతగారి మూడు సూత్రాలు ఇక్కడ పనిచేయవు. దీపం ఎంత దూరంలో ఉన్నా, కలిపే చేతి రాపిడే నిప్పు అవుతుంది.

ఈ విషయం గ్రహించి బ్రిటన్ 1894లోనే క్లోరేటూ గంధకమూ కలిపి బాణసంచా తయారు చేయడాన్ని నిషేధించింది. ఆ తేదీ గుర్తుంచుకోండి. దానితో మళ్లీ పని పడుతుంది.

చట్టం ఎలా పుట్టింది

పేలుడు పదార్థాల చట్టాలు ఎక్కడైనా ప్రమాదాల వెనకే నడిచాయి. 1874 అక్టోబరు 2న లండన్‌లోని రీజెంట్స్ పార్కు కాలువలో తుపాకిమందు మోస్తున్న పడవ ఒకటి వంతెన కింద పేలిపోయింది. పడవలోని ముగ్గురు చనిపోయారు. నగరం నడిబొడ్డున అంత మందు పడవలో తిరుగుతోందన్న సంగతి లండన్ ప్రజలకు అప్పుడు తెలిసింది. ఆ మరుసటి ఏడాది, 1875లో, బ్రిటన్‌లో సమగ్రమైన పేలుడు పదార్థాల చట్టం వచ్చింది. తయారీకి లైసెన్సు, కట్టడాల మధ్య దూరం, ఒక్కో గదిలో ఉంచదగిన పరిమాణం, తనిఖీ అధికారులు అన్నీ ఆ చట్టంలో ఉన్నాయి.

దాని వెనకే భారతదేశంలో 1884లో పేలుడు పదార్థాల చట్టం వచ్చింది. నేటికీ మన బాణసంచా మీద అధికారం ఆ చట్టానిదే. 1898లో దీనికోసం ప్రత్యేక శాఖ ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు పెసో, అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ. దాని ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. చట్టం కింద నియమావళులు 1914, 1940, 1983 సంవత్సరాల్లో మారుతూ వచ్చి, చివరికి 2008లో కొత్త నియమావళి వెలువడింది.

మీరు తప్పక తెలుసుకోవలసింది ఇది. లైసెన్సు లేకుండా బాణసంచా తయారు చేయడం నేరం. దానికి జైలు శిక్ష ఉంది. అమ్మడానికి కాదు, మా ఇంటి పిల్లల కోసమే అన్నంత మాత్రాన అది నేరం కాకుండా పోదు. ఇంట్లో మతాబులు కట్టిన ఆ రోజుల్లోనూ చట్టం ఉంది, పల్లెల్లో దాన్ని పట్టించుకున్నవారే తక్కువ.

శివకాశి

తమిళనాడులోని శివకాశి వర్షాలు తక్కువగా పడే ఊరు. వ్యవసాయానికి ఆ ఎండ శాపం, మందు ఎండబెట్టడానికి అదే వరం. 1920ల ఆరంభంలో ఆ ఊరి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు యువకులు కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చారు. అగ్గిపుల్ల తలలోనూ క్లోరేటే ఉంటుంది. అగ్గిపెట్టెల నుంచి మతాబులకు, మతాబుల నుంచి టపాకాయలకు ఆ పరిశ్రమ పాకింది. 1940 తర్వాత పెద్ద కర్మాగారాలు వెలిశాయి. దేశంలో తయారయ్యే బాణసంచాలో అత్యధిక భాగం ఇప్పటికీ ఆ ప్రాంతం నుంచే వస్తోంది.

శివకాశి సరుకు చవకగా బజారులోకి వచ్చాక మన పల్లెల్లో గుల్లలు చుట్టే పని క్రమంగా తగ్గిపోయింది. అంటే ఇంటి విద్యను చట్టం కంటే ముందు బజారు ఆపింది. అయితే ప్రమాదం మాయం కాలేదు, ఇళ్ల నుంచి షెడ్లకు మారింది. ఆ షెడ్లలో చాలాకాలం పిల్లలు కూడా పనిచేశారు. 1996 డిసెంబరులో ఎం. సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు బాల కార్మికుల మీద ఇచ్చిన ముఖ్యమైన తీర్పుకు మూలం శివకాశి పరిశ్రమలే. మనం కొన్న కాకరపువ్వొత్తి వెనక ఎవరి చేతులు ఉన్నాయో దేశానికి తెలియజెప్పిన కేసు అది.

తొంభై ఎనిమిదేళ్ల ఆలస్యం

బ్రిటన్ 1894లో నిషేధించిన క్లోరేటు, గంధకం మిశ్రమాన్ని మన దేశం ఎప్పుడు నిషేధించింది? 1992 జనవరి 27న. తొంభై ఎనిమిదేళ్ల తర్వాత. ఆ నోటిఫికేషన్ ప్రకారం గంధకమూ ఏదైనా క్లోరేటూ కలిసిన పేలుడు పదార్థాన్ని తయారు చేయడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరం. అగ్గిపుల్లల వంటి కొద్ది వాటికే మినహాయింపు ఉంది.

ఈ మధ్యకాలంలో ఎంతమంది పోయారో లెక్క కట్టడం కష్టం. కాని శాస్త్రం తెలిసినంత మాత్రాన ప్రాణాలు నిలవవని, తెలిసినది నియమంగా మారి, ఆ నియమం అమలు కావాలని ఈ తొంభై ఎనిమిదేళ్లు చెబుతున్నాయి.

నిషేధం వచ్చాక కూడా ఆ మిశ్రమం చాటుమాటుగా బతికే ఉంది. మన తెలుగు జిల్లాల్లో 'ఉల్లిపాయ బాంబు' అని పిలిచే టపాకాయ గురించి వినే ఉంటారు. దానికి వత్తి ఉండదు. నేలకేసి కొడితే పేలుతుంది. వత్తి లేకుండా దెబ్బకు పేలేది దెబ్బ ఎక్కడ తగిలినా పేలుతుంది. 2024 అక్టోబరు 31న, దీపావళి రోజున, ఏలూరులో ద్విచక్ర వాహనం మీద ఉల్లిపాయ బాంబుల సంచి తీసుకుపోతుండగా బండి గుంతలో పడింది. ఆ కుదుపుకే సంచి పేలి ఒకరు మరణించారు, దారిన ఉన్నవారు గాయపడ్డారు. నిప్పు లేదు, వత్తి లేదు. ఒక గుంత చాలింది.

బజారులో 'పొటాష్' అనే మాట గురించి కూడా ఒక హెచ్చరిక. పొలంలో వేసే పొటాష్ ఎరువు వేరు, టపాకాయల వాళ్లు పొటాష్ అని పిలిచే క్లోరేటు వేరు. ఒకే పేరుతో నడిచే రెండు పదార్థాల్లో ఒకటి మొక్కకు బలం, రెండవది మనిషికి ముప్పు.

నియమాల వెనక ఉన్న కారణాలు

2008 నియమావళిని పైపైన చదివితే అధికారుల పట్టింపులా కనిపిస్తుంది. ఒక్కో నియమం వెనక ఉన్న కారణం చూస్తే అలా అనిపించదు.

మందు కలిపే గది, కూరే గది, నిల్వ చేసే గది వేరువేరుగా, దూరదూరంగా ఉండాలి. ఎందుకు? ఒకచోట అంటుకుంటే రెండోచోటికి పాకకుండా ఉండడానికి. ఒక్కో షెడ్డులో సాధారణంగా నలుగురికి మించి ఉండకూడదు. ఎందుకు? ప్రమాదం జరగదని నమ్మి కాదు, జరిగితే పోయే ప్రాణాలు తక్కువగా ఉండాలని. తలుపులు బయటికి తెరుచుకోవాలి. ఎందుకు? పరుగెత్తేవాడికి తలుపు లాగే వ్యవధి ఉండదు. ఇనుప పనిముట్లు వాడకూడదు, నైలాన్ బట్టలు కట్టకూడదు. ఎందుకు? ఇనుము రాపిడికి నిప్పురవ్వ వస్తుంది, నైలాన్ మీద స్థిర విద్యుత్తు నిలుస్తుంది. తడిసిన మందును మూటకట్టి ఉంచకూడదు. ఎందుకు? అల్యూమినియం పొడి కలిసిన మందుకు తేమ తగిలితే లోలోపల వేడెక్కవచ్చు.

ఈ నియమాలన్నిటి వెనక ఒకే ఆలోచన ఉంది. మనిషి ఎంత జాగ్రత్తపరుడైనా ఒకనాడు చెయ్యి జారుతుంది. అప్పుడు నష్టం ఎంతవరకు ఆగాలన్నది ముందుగానే ఏర్పాటు చేసిపెట్టాలి. ఇక ఒక మామూలు ఇంటిని ఊహించుకోండి. కలిపేదీ, కూరేదీ, దాచేదీ ఒకే గది. పక్క గదిలో వంట. వరండాలో పిల్లలు. మీరు ఎంత జాగ్రత్తగా ఉన్నా ఆ ఇంటి గోడలు ఈ నియమాల్లో ఒక్కదాన్నీ పాటించలేవు.

నియమం తప్పినచోట ఏం జరిగిందో ఇటీవలి చరిత్ర చెబుతుంది. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో ఒక కర్మాగారం పేలి దాదాపు 40 మంది చనిపోయారు. వారిలో చాలామంది పొగ చూసి సాయం చేయడానికో, చూడడానికో దగ్గరికి వచ్చినవారు. 2016 ఏప్రిల్ 10 తెల్లవారుజామున కేరళలోని పరవూరులో పుట్టింగల్ దేవాలయం వద్ద అధికారుల అనుమతి లేకుండా జరిగిన బాణసంచా పోటీలో నిల్వ ఉంచిన గదికి నిప్పు అంటుకుని వంద మందికి పైగా మరణించారు. మన దగ్గర 2014 అక్టోబరు 20న తూర్పు గోదావరి జిల్లా వాకతిప్పలో, దీపావళికి కొద్ది రోజుల ముందు, పదిహేను మందికి పైగా పోయారు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఎనిమిది మంది పోయారు. అదే ఏడాది అక్టోబరు 8న కోనసీమ జిల్లా కొమరిపాలెంలో ఒక తయారీ కేంద్రంలో జరిగిన ప్రమాదంలో యజమానితో సహా పలువురు మరణించారు. తయారీ కేంద్రాల్లో పోయినవారందరూ కొత్తగా పని మొదలుపెట్టినవారు కాదు. ఏళ్ల తరబడి ఆ పనిలో ఉన్నవారూ, రోజు కూలికి వచ్చిన ఆడవారూ వారిలో ఉన్నారు. అనుభవం ప్రమాదాన్ని ఆపలేదు.

అభిరుచిపరుల దేశం ఒకటి

అభిరుచిగా బాణసంచా చేసేవారు ప్రపంచంలో ఎక్కడా లేరా అంటే, ఉన్నారు. మధ్యధరా సముద్రంలోని మాల్టా అనే చిన్న దేశంలో ప్రతి ఊరి చర్చికీ ఒక ఉత్సవం ఉంటుంది. ఆ ఉత్సవానికి కావలసిన బాణసంచాను ఊరివాళ్లే జీతం లేకుండా, సాయంత్రాలూ సెలవు రోజులూ వెచ్చించి తయారు చేస్తారు. వారిలో వడ్రంగులుంటారు, గుమాస్తాలుంటారు. పొరుగూరి కంటే మన ఊరి పువ్వు పెద్దదిగా విచ్చుకోవాలన్నదే వారికి దక్కే ప్రతిఫలం.

అయితే వారు ఇళ్లలో చేయరు. ఊరికి దూరంగా పొలాల మధ్య లైసెన్సు పొందిన కర్మాగారం ఉంటుంది. కొత్తగా చేరేవారు శిక్షణ పొంది, పరీక్షలో నెగ్గి, లైసెన్సు తీసుకోవాలి. ఇంత చేసినా అక్కడా ప్రాణాలు పోతున్నాయి. 2010 సెప్టెంబరు 5న గోజో ద్వీపంలోని ఆర్బ్ గ్రామంలో జరిగిన ప్రమాదంలో ఆరుగురు మరణించారు. వారిలో ఎక్కువమంది ఒకే కుటుంబానికి చెందినవారు. ఆ తర్వాత రసాయన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెల్లా నాయకత్వంలో విచారణ సంఘం ఏర్పడి వరుస ప్రమాదాల కారణాలను పరిశీలించింది.

మాల్టా మనకు రెండు సంగతులు చెబుతుంది. మొదటిది, ఈ అభిరుచికి గౌరవప్రదమైన దారి ఉంది, ఆ దారి ఊరి బయటి షెడ్డు, గురువు, పరీక్ష, లైసెన్సు గుండా పోతుంది. రెండవది, ఆ దారిలో నడిచినా ముప్పు సున్నా కాదు. ఆ దారి కూడా లేని ఇంటి గదిలో ముప్పు ఎంతో మీరే ఊహించండి.

మరి మీరు ఎలా మొదలుపెట్టాలి?

ఈ విద్య మీద మీకు నిజంగా మక్కువ ఉంటే, దాన్ని చంపుకోనక్కర్లేదు. మొదటి అడుగు ఎక్కడ వేయాలన్నదే ప్రశ్న.

బాణసంచా రంగుల రహస్యం మీ కళాశాల రసాయన ప్రయోగశాలలోనే ఉంది. లవణాల గుణాత్మక విశ్లేషణలో జ్వాలా పరీక్ష చేస్తారు గదా. బున్సెన్ జ్వాలలో సోడియం పసుపుగా, స్ట్రాన్షియం ఎర్రగా, రాగి నీలి ఆకుపచ్చగా మెరవడం అధ్యాపకుల సమక్షంలో చూడండి. ఆకాశంలో విచ్చుకునే పువ్వుకూ ఈ చిన్న జ్వాలకూ సూత్రం ఒకటే. ఆ తర్వాత లోహాలు, ఆక్సీకరణం, ఉష్ణం గురించి చదవండి. రసాయన శాస్త్రం ఈ రంగానికి అసలైన ప్రవేశద్వారం. శివకాశిలో పెసో నడిపే బాణసంచా పరిశోధన, అభివృద్ధి కేంద్రం ఉంది. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు బేరియం లవణాలను వారించాక, జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, పొగ తగ్గించే బాణసంచాను రూపొందించి 2019లో విడుదల చేసింది. ఇలాంటి చోట్లకు కావలసింది శిక్షణ పొందిన రసాయన శాస్త్రవేత్తలే.

చరిత్ర మీద మక్కువ ఉంటే కర్ణాటకలోని శివమొగ్గ వెళ్లండి. ఆ జిల్లాలోని నగర గ్రామంలో 2018లో ఒక పాడుబడ్డ బావిని తవ్వితే టిప్పు కాలం నాటి ఇనుప జువ్వలు వెయ్యికి పైగా బయటపడ్డాయి. ఇంకొక మంచి అభిరుచి కూడా ఉంది. పాత టపాకాయల పెట్టెల మీది చీటీలు సేకరించండి. దేవుళ్లు, సినిమా తారలు, రాకెట్లు నిండిన ఆ బొమ్మల్లో ఒక శతాబ్దపు దేశ చరిత్ర దాగి ఉంది. మీ ఊళ్లో మతాబులు కట్టిన పెద్దవారు ఇంకా ఉంటే వారి జ్ఞాపకాలు రాసిపెట్టండి. ఆ విద్య అంతరించినా, ఆ మాటలు అంతరించకూడదు.

బాణసంచా కాల్చే ప్రదర్శనల వైపు వెళ్లాలనుకుంటే లైసెన్సు పొందిన సంస్థలో సహాయకుడిగా చేరి, నియమాలు నేర్చుకుని ముందుకు వెళ్లండి. తయారీలోకే వెళ్లాలనుకుంటే పెసో నియమావళి చదవడంతో మొదలుపెట్టండి. ఎంత భూమి, ఎంత దూరం, ఎన్ని షెడ్లు కావాలో చదివేసరికి, ఇది పెరట్లో చేసే పని ఎందుకు కాదో మీకే తెలుస్తుంది.

చివరిగా ఒక్క మాట. 1788లో ఎస్సోన్‌లో ఇద్దరు పోయారు. 2024లో ఏలూరులో ఒకరు పోయారు. మధ్యలో రెండు వందల ముప్పై ఆరేళ్లు గడిచాయి. రెండుచోట్లా ప్రాణం తీసింది దెబ్బకో, రాపిడికో పేలే మందే. నియమాల పుస్తకంలోని ప్రతి వాక్యం ఎవరో ఒకరి ప్రాణంతో రాసినది. దాన్ని మళ్లీ మన ప్రాణంతో పరీక్షించి చూడనవసరం లేదు.

ఆలోచించండి

1. నల్లమందు విషయంలో పనిచేసిన పాత జాగ్రత్తలు క్లోరేటు మిశ్రమం విషయంలో ఎందుకు పనిచేయవు?

2. ఒక దేశం 1894లో చేసిన నిషేధం మరో దేశంలో 1992లో రావడానికి ఏయే కారణాలు ఉండవచ్చు?

3. షెడ్డులో నలుగురికి మించి ఉండకూడదనే నియమం ప్రమాదాన్ని ఆపడానికా, నష్టాన్ని తగ్గించడానికా? మీ జవాబుకు కారణం చెప్పండి.

4. మీ ఊళ్లో దీపావళి మందులు ఇంట్లో తయారైన కాలం గురించి పెద్దలను అడిగి, వారు వాడిన పేర్లను, పనిముట్లను నమోదు చేయండి.